తాళంలో తలపిన్ను

"తియ్యరా అంటే తియ్యవేంరా? నువ్వు కొన్న తాళమేగా! నువ్వు బిగించిన గ్రిల్లేగా!"

ముసలావిడ అరుపుకి గ్రిల్లు మీద వాలిన పిచ్చుక ఎగిరిపోయింది గానీ, ఆవిడ కొడుకు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. ఇనపకమ్మీల అవతల వేలాడుతున్న తాళంకప్పని చూస్తూ కూర్చున్నాడు. చూడడమంటే గోడ మీది బల్లిని చూసినట్టు. కదిలితే కదిలింది, లేకపోతే లేదు.

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తను వెళ్ళి కుడితితొట్లో పడిందట. ఆ బల్లికి తోడు ఇవాళ ఈయన. ఊళ్ళో సగం తలుపులకి తాళాలు బిగించినవాడు, మిగతా సగానికి పోయిన తాళంచెవులు చేసిచ్చినవాడు. తాళాలాయన ఇల్లెక్కడంటే కళ్ళు మూసుకుని చూపిస్తారు. అలాంటివాడి ఇంటికి బయట తాళం, లోపల తాళాలాయన.

తాళం వేసింది దొంగలు కాదు. కట్టుకున్న పెళ్ళాం.

"మాటిచ్చానమ్మా," అన్నాడు.

"ఏం మాట?"

"తెలిసే అడుగుతావేం? ఈ ఇంట్లో ఏ తాళం మీదా నా చెయ్యి పడదని."

"చెయ్యి పడకుండా తాళం తీసే విద్య మీ నాన్నతోనే పోయింది నాయనా!"

పోయిన ఆ పెద్దాయన గురించి ముసలావిడ చెప్పేవన్నీ నమ్మాలంటే గుండె దిటవుండాలి. ఆయన తుమ్మితే బజారులో తాళాలన్నీ వాటంతటవే ఊడిపడేవట. అందుకని ఆయనకి జలుబు చేసిందంటే దుకాణాలవాళ్ళు కషాయం కాచి పంపేవారట. కాదన్నవాళ్ళకి ఆవిడ టీ పొయ్యదు. కొడుక్కి ఆ తుమ్ము రాలేదు. తాళం ముందు చెవి ఒగ్గి వినే ఓపిక మాత్రం వచ్చింది. ఆ ఓపికతోనే కొంప మునిగింది.

పెళ్ళాం బీరువాలో వాళ్ళమ్మ ఇచ్చిన గాజులు ఉండేవి. ఆ బీరువా తాళం తీసి, గాజులు తీసుకుని, మళ్ళీ తాళం వేసిపెట్టి, వాటిని అమ్ముకుని తాగాడు. గీత పడలేదు, చువ్వ వంగలేదు. ఎంత పనితనం! ఆమె నెలల తరబడి ఇల్లంతా వెతుక్కుంది. ఎక్కడ పెట్టి మరిచిపోయానో అని తన బుర్రనే తిట్టుకుంది. ఆ సంగతి కిందటివారం తాగుడు మాన్పించే సెంటరులో, కుటుంబాలు కూర్చునే రోజున, అందరి ముందూ ఒప్పుకున్నాడు. పనిముట్ల సంచి ఆమె ఒళ్ళో పెట్టి ఆ మాటిచ్చింది అప్పుడే.

ఆమె సంచి తీసుకుంది. మర్నాటి నుంచి, సెంటరు లేని రోజుల్లో, లాండ్రీకి వెళ్తూ వెళ్తూ గ్రిల్లుకి తాళం వెయ్యడం మొదలుపెట్టింది. తాళంచెవి మెడలో గొలుసుకి.

ఇవాళ మామూలుగా అయితే సెంటరు లేదు. కానీ అక్కడ హాలుకి రంగులు వేస్తారని రేపటి గ్రూపు సమావేశం ఇవాళ్టికి జరిపారు. ఆ ముక్క పెళ్ళానికి చెప్పాననే అనుకున్నాడు. చెప్పాడా? మంచం మీద అటు తిరిగి పడుకున్న వీపు ఒకటి గుర్తుంది. ఆ వీపుతో చెప్పాలనుకోవడం గుర్తుంది. నోట్లోంచి మాట బయటికి వచ్చిందో, పళ్ళ దాకా వచ్చి వెనక్కి పోయిందో గుర్తులేదు. ఆ ఇంట్లో ఈ మధ్య చాలా మాటల గతి అదే.

"ఇవాళ వెళ్ళకపోతే ఏమవుతుంది?" అంది ముసలావిడ, గొంతు తగ్గించి.

"చోటు పోతుంది."

"పోతే?"

"ఇంటి నుంచి వెళ్ళొచ్చే వైద్యం నాకు చాలట్లేదని లెక్క. పెద్దాసుపత్రిలో పెట్టి చేస్తారు. అది శిక్ష కాదంది కౌన్సెలింగు చేసే మేడమ్. అక్కడి తలుపులకి బయటి నుంచే తాళాలు."

"నువ్వు బిగించినవేనా?"

"నేను బిగించినవే."

ముసలావిడకి నవ్వు రావలసింది, రాలేదు. కొడుకు ఆ మాట చెప్పిన తీరు అలాంటిది. ఎవరి ఇంటి కొళాయో కారుతోందని చెప్పినట్టు చెప్పాడు. తాగినప్పుడు ఏడ్చేవాడు, అరిచేవాడు, కాళ్ళు పట్టుకునేవాడు. మానేసినప్పటి నుంచి ఇలా. చెయ్యి కాలితే కూడా పక్కింటివాడి చెయ్యి కాలినట్టు చూసుకుంటున్నాడు. తల్లికి ఏ కొడుకు నయమో తేలడం లేదు. ఆ మాట ఎవరితోనైనా అనడానికి నోరు రావడమూ లేదు.

"ఇదిగో, ఫోన్ చెయ్యి," అని తన పాత ఫోను అతని చేతిలో కుక్కింది. అతని ఫోను పెళ్ళాం దగ్గరే ఉంటుంది, పాత స్నేహితులు పిలవకుండా.

సెంటరులో ఫోను ఎత్తింది బల్ల దగ్గర కూర్చునే అబ్బాయి.

"ఎవరండీ?"

"తాళాలాయన్ని. రాలేకపోతున్నాను. ఇంటికి బయట తాళం పడింది."

అబ్బాయి చాలా మర్యాదగా, "మరి తాళాలు తీసే ఆయన్ని ఎవరినైనా పిలవండి," అన్నాడు.

ఆ అబ్బాయి తప్పు లేదు. తాగుబోతు చెప్పే సాకులు వినీ వినీ చెవులు కాయలు కాచినవాడు. అయినా ఇంత గొప్ప సాకు ఇంతకు ముందు విని ఉండడు. ఈత మాస్టారు గ్లాసులో మునిగిపోయాడంటే ఎవరు నమ్ముతారు?

ఫోను మేడమ్ చేతికి వెళ్ళింది. ఆవిడ మొత్తం విన్నది.

"నమ్మాలనే ఉంది," అంది. "కానీ ఒకసారి బస్సు పాడైందన్నావు. ఇంకోసారి మీ అమ్మగారికి జ్వరమన్నావు. రెండుసార్లూ ఎక్కడున్నావో మనిద్దరికీ తెలుసు. తాగావో లేదో తెలియడానికి ఫోన్లో ఊదే గొట్టం లేదు కదా."

"నాకు జ్వరమన్నావా?" అంది ముసలావిడ పక్క నుంచి. "నేను రాయిలా ఉంటేనూ!"

"తియ్యమంటారా, వద్దంటారా?" అన్నాడు అతను ఫోన్లో.

"అది నేను చెప్పేది కాదు. ఒక్కటి చెప్తాను. నీకు తాళాలు తీసే జబ్బు లేదు. తీసి దాచే జబ్బు. ఏం చేసినా చెప్పి చెయ్యి."

అతను లాండ్రీకి ఫోన్ చేశాడు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు వేడివేడిగా మడతపెట్టే చోటు అది. పనివాళ్ళ ఫోన్లు బయట అరల్లో ఉంటాయి. సూపర్‌వైజరు ఎత్తింది.

"మా ఆవిడకి చెప్పండి. నేను ఇంటి తాళం తీసి సెంటరుకి వెళ్తున్నానని."

"ఇంటి తాళం తీసి వెళ్తుంటే ఫోన్ చెయ్యడమేంటండీ? అందరూ అలాగేగా వెళ్తారు?"

"మా ఇంట్లో అలా కాదండీ. చెప్పండి చాలు."

ఫోను పెట్టేసి, తల్లి వైపు చెయ్యి చాచాడు. ఆవిడ అడక్కుండానే ముడిలోంచి తలపిన్ను లాగి ఇచ్చింది. తెల్లజుట్టు భుజాల మీద పడింది.

గ్రిల్లు కమ్మీల మధ్య నుంచి చెయ్యి బయటికి పెట్టాడు. తాళం కనబడదు. వేళ్ళతోనే చూడాలి. ఒకప్పుడు అది ఆవులించేలోపు అయ్యే పని. పిన్ను లోపలికి దూర్చాడు. ఏమీ తెలియలేదు.

కర్రతో గోడను తడిమినట్టుంది. లోపల తాళాన్ని పట్టుంచే రేకులు, లీవర్లు, ఉన్నాయని బుర్రకి తెలుసు. వేళ్ళకి తెలియడం లేదు. తిప్పాడు. జారింది. మళ్ళీ తిప్పాడు. కమ్మీకి మోచెయ్యి గీసుకుని రక్తం వచ్చింది. అతను దాన్ని చూసి, ఊఁ, రక్తం, అనుకున్నాడు.

"ఏంరా, రావట్లేదా?"

"వేళ్ళు వినట్లేదమ్మా."

ముసలావిడ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆవిడకి అలవాటు లేని పని. అందుకని రెండు చేతులతోనూ నోరు పట్టుకుంది.

అతను కళ్ళు మూసుకున్నాడు. పిన్ను చివర ఎక్కడో, ఎక్కడో చాలా దూరాన, చీమ అడుగు వేసినట్టు ఒకటి కదిలింది. ఆ తర్వాత ఇంకోటి. తాళం దవడ తెరిచింది.

ఇప్పుడు మామూలుగా అయితే ఏం చేస్తాడు? బయటికి వచ్చి, తలుపు చేరవేసి, తాళం ఉన్నచోటే ఉన్నట్టుగా మళ్ళీ నొక్కి పెడతాడు. ఎవరూ తీసినట్టు ఉండదు. చెయ్యి అప్పటికే ఆ పని మీదికి వెళ్ళింది కూడా. తాళాన్ని పట్టుకుని, కొక్కెం దాకా తీసుకెళ్ళి, ఆగింది.

అతను తాళాన్ని తెరిచే వదిలేశాడు. కన్నంలో తలపిన్ను అలాగే ఉంచేశాడు. దారినపోయే ఎవరైనా చూసి, ఎవడో దొంగ పడ్డాడనుకునేలా.

"నా పిన్నురా!" అంది తల్లి.

"ఉండనీ అమ్మా. ఎవరైనా అడిగితే నేనే తీశానని చెప్పు."

*

సెంటరులో హాలు ఖాళీ చేసి అందరినీ వెనక గదిలో కూర్చోబెట్టారు. కుర్చీలు గుండ్రంగా వేశారు గానీ గది సన్నగా ఉండడంతో ఆ గుండ్రం కోడిగుడ్డులా అయింది. కోడిగుడ్డు కొనలో మేడమ్. మధ్యలో టీ ప్లాస్కు. గుమ్మంలోనే ఊదుడు గొట్టం పట్టుకుని నర్సు. తాళాలాయన ఊదాడు. నర్సు చూసి తలూపింది. అతనికి సంతోషం కలగాలి. కలుగుతుందేమోనని కాసేపు ఆగి చూశాడు. లేదు. వెళ్ళి కూర్చున్నాడు.

అక్కడ పద్ధతి ఏమిటంటే, కూర్చోగానే ఒక్కొక్కరు ఇవాళ మనసెలా ఉందో ఒక్క మాటలో చెప్పాలి. "బాగానే ఉంది" అనడానికి వీల్లేదు. అది మాట కాదు, తలుపు, అంటుంది మేడమ్.

"పంచరు," అన్నాడు బస్సు డ్రైవరు. ఆయన తాగి బస్సు తోలలేదు, తోలి వచ్చి తాగేవాడు. ఆ తేడాని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు.

"సిగ్గు," అంది నిద్రమాత్రల టీచరమ్మ. బళ్ళో లెక్కలు చెప్పేది. నిద్రకని మొదలుపెట్టి మెలకువకి కూడా మాత్రలే మింగడం అలవాటైంది.

తాళాలాయన వంతు వచ్చింది.

"ఏమీ లేదు."

"అవి రెండు మాటలు," అన్నాడు డ్రైవరు.

"ఏమీ లేదంటే?" అంది మేడమ్.

"నిజంగానే ఏమీ లేదండీ. ఇంటికి తాళం పడింది. తీసుకుని వచ్చాను. చెయ్యి గీసుకుంది. అంతే. తాగాలని కూడా లేదు. తాగకూడదని కూడా లేదు. ఇంతోటి దానికి మానడమెందుకో అర్థం కావట్లేదు. తాగినప్పుడు కనీసం ఏడుపన్నా వచ్చేది."

గదిలో ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ తన గ్లాసులోకి చూసుకుంది.

"కాలు ముడుచుకుని చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది చూడు," అంది మేడమ్. "లేవగానే ఆ కాలు ఉన్నట్టే ఉండదు. నువ్వు ఇప్పుడు అక్కడున్నావు. కాసేపటికి సూదులతో పొడిచినట్టు మొదలవుతుంది. అది నరకంలా ఉంటుంది. చాలామంది సరిగ్గా అప్పుడే మళ్ళీ గ్లాసు పట్టుకుంటారు. సూదులు మొదలైనప్పుడు ఇక్కడికి రా. అందుకే నిన్ను ఇంటికి పంపేది, మళ్ళీ పిలిచేది. ఆ సూదులు ఆసుపత్రి మంచం మీద కన్నా నీ వంటింట్లో ముందు పొడుస్తాయి."

"మరి డాక్టరుగారు రాసిన మాత్ర?"

"అది దిగులుకి. పని చెయ్యడానికి టైము పడుతుంది. తాగుడూ దిగులూ కవలపిల్లలు. ఒకదానికి పాలుపట్టి ఇంకోదాన్ని ఏడవనిస్తే రెండూ నిద్రపోనివ్వవు. నీకు రెండింటికీ కలిపే వైద్యం."

అప్పుడు నాటకం మొదలైంది. పాత స్నేహితుడు గుమ్మంలోకి వస్తే ఏం చెప్పాలో గ్రూపులో ఆడి చూపించడం అక్కడి పాఠాల్లో ఒకటి. తాళాలాయన స్నేహితుడు ఎవరంటే, అతని దుకాణం పక్కనే సైకిళ్ళు బాగుచేసేవాడు. పేరు గరాటా. తల్లి పెట్టిన పేరు వేరే ఏదో ఉండే ఉంటుంది. సీసా వంచితే గుటక వేసిన చప్పుడు కూడా లేకుండా దిగిపోతుంది కాబట్టి గరాటా అయ్యాడు. వాడొకసారి పందెం కట్టి పీపా ఖాళీ చేస్తే, ఆ పీపా చేసినవాడు వచ్చి అడుగున చిల్లేమైనా ఉందేమోనని తడిమి చూసుకున్నాడని చెప్పుకుంటారు.

గరాటా వేషం డ్రైవరు కట్టాడు. లేచి, ప్యాంటు పైకి లాక్కుని, లేని సీసాని చంకలో దోపుకుని వచ్చాడు.

"గురూ! ఏంటి గురూ, కనబడ్డమే మానేశావు? రా, ఒక్క గుక్క. నీళ్ళలాంటిదే. నీళ్ళకన్నా శుభ్రం! నీళ్ళలో చేపలు స్నానం చేస్తాయి గురూ!"

"నేను మానేశాను. నువ్వు వెళ్ళు," అన్నాడు తాళాలాయన, దుకాణం బోర్డు చదివినట్టు.

"ఇంత మర్యాదగా చెప్తే వెళ్ళను. కూర్చుని టీ తాగి మరీ వెళ్తాను. కసురు గురూ!"

"నేను మానేశాను. నువ్వు వెళ్ళు."

"లాభం లేదు మేడమ్. ఈయన రైల్వేస్టేషన్లో ప్రకటనలకి పనికొస్తాడు."

ఈసారి అందరూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలో తలుపు తెరుచుకుంది.

అతని భార్య. ఒంటి మీద లాండ్రీ ఏప్రను అలాగే ఉంది. జుట్టు ఆవిరికి నుదుటికి అంటుకుపోయింది. ఎవరినీ పలకరించలేదు. నేరుగా కోడిగుడ్డు మధ్యలోకి నడిచి, టీ ప్లాస్కు పక్కన తాళంకప్ప పెట్టింది. తెరిచిన తాళం. అందులో తలపిన్ను.

"ఊదాడా?" అని నర్సుని అడిగింది.

"ఊదారు. ఏమీ లేదు."

"మళ్ళీ ఊదించండి."

"అక్కర్లేదమ్మా..."

"ఊదించండి!"

తాళాలాయన లేచి వెళ్ళి మళ్ళీ ఊదాడు. నర్సు గొట్టం తిప్పి ఆమెకే చూపించింది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. చూసి, ఖాళీ కుర్చీలో కూర్చుంది. కూర్చున్నట్టు లేదు, ఎవరో మడతపెట్టి పెట్టినట్టుంది.

"సెంటరుకి వెళ్తున్నాడని చెప్పారు," అంది, ఎవరివైపూ చూడకుండా. "సెంటరు అంటే ఏ సెంటరో నాకేం తెలుసు? మందు దుకాణం కూడా ఊరి సెంటర్లోనేగా ఉంది. ఇంటికి పరిగెత్తాను. గ్రిల్లు బార్లా తీసి ఉంది. ముసలావిడ జుట్టు విరబోసుకుని కూర్చుంది. ఎవరో చచ్చిపోయారనుకున్నాను."

"నీకు చెప్పాననుకున్నాను," అన్నాడు అతను. "ఇవాళ గ్రూపని."

"ఎప్పుడు?"

"రాత్రి."

"నాతోనా?"

డ్రైవరు గోడగడియారం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఇంట్లో కూడా ఇలాంటి మాటలే నడుస్తాయేమో.

"అమ్మా," అంది మేడమ్ మెల్లగా, "మనుషులు లోపల ఉండగా బయట తాళం వెయ్యకండి. నేను చెప్పిన జాగ్రత్తలు ఇవి కావు. ఇంట్లో నిప్పంటుకుంటే?"

"ఇంకా అంటుకోలేదనుకుంటున్నారా మీరు?"

మేడమ్ ప్లాస్కులోంచి టీ పోసి ఆమె ముందు పెట్టింది.

"తాళం వేస్తే ఈయన ఆగుతాడనుకున్నానా నేను? ఎవరి పెళ్ళాన్ని నేను? పిల్లికి పాలగిన్నె మీద మూత పెట్టినట్టు. నాకు తెలుసు." ఆమె ఏప్రను అంచు మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది. "తాళం వేసింది ఈయన కోసం కాదు. నా చేతుల కోసం. తాళం వెయ్యకుండా వెళ్తే అక్కడ నా చేతులు పని చెయ్యవు. దుప్పటి పట్టుకుని నిలబడిపోతాను. ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో. తాళం వేసి వచ్చిన రోజు ఏమీ అనుకోను. ఏమీ. ఖాళీగా ఉంటుంది. హాయిగా ఉంటుంది."

టీచరమ్మ చెయ్యి చాచి ఆమె మోకాలి మీద పెట్టింది. ఆమె తియ్యలేదు, పట్టించుకోలేదు కూడా. ఏమీ అనిపించకపోవడం ఇంట్లో తన ఒక్కడి జబ్బే అనుకున్నాడు తాళాలాయన ఇన్నాళ్ళూ.

"పిన్ను మరిచిపోయావా?" అంది హఠాత్తుగా అతని వైపు తిరిగి.

"లేదు."

"మరి?"

"వదిలేశాను. నువ్వు చూడాలని."

ఆమె తాళం వైపు చూసింది.

"గాజులప్పుడు," అంది, "ఒక్క గీత వదిలేసి ఉంటే బాగుండేది. నాకు మతి పోతోందనుకున్నాను. అద్దం ముందు నిలబడి నా పేరు నేనే చెప్పుకుని చూసుకునేదాన్ని, గుర్తుందో లేదో అని. నువ్వు పక్క గదిలోనే ఉన్నావు. వింటూనే ఉన్నావు."

"విన్నాను."

"విని?"

అతను నోరు తెరిచాడు. మాట పళ్ళ దాకా వచ్చింది. వెనక్కి పోయింది.

ఆమె లేచి, తాళం తీసి సంచిలో వేసుకుంది. తలపిన్నుతో సహా.

*

దారి పొడుగునా బస్సులో ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు ఉంది. నిలబడ్డవాళ్ళు ఆ చోటు చూశారు గానీ ఎవరూ కూర్చోలేదు.

ఇంటికి వచ్చేసరికి ముసలావిడ జుట్టుకి దారం కట్టుకుని గుమ్మంలో కాపలా కూర్చుంది.

"తాళం లేని ఇంట్లో కూర్చుంటే చలేస్తోందే కోడలా," అంది. "నా పిన్నేదీ?"

"నా దగ్గరుంది అత్తయ్యా."

"ఇవ్వవూ?"

"తర్వాత."

ముసలావిడ కొడుకు వైపు చూసింది, కోడలి వైపు చూసింది. రొట్టెలు కాల్చడానికి లోపలికి వెళ్ళింది. ఆవిడ రొట్టె కాలిస్తే చంద్రుడికే మచ్చ పడిందని కొడుకు చిన్నప్పుడు వేళాకోళం చేసేవాడు. ఇవాళ మాడిన వాసన వచ్చినా ఎవరూ ఏమీ అనలేదు.

ముగ్గురూ తిన్నారు. గ్రిల్లు చేరవేసి, గడియ మాత్రం పెట్టి ఉంది. తాళం ఉండే కొక్కెం ఖాళీగా, పన్ను ఊడిన చిగురులా ఉంది. ముగ్గురూ దాన్నే చూస్తున్నారు. చూడనట్టు చూస్తున్నారు.

"రేపు వెయ్యవా?" అన్నాడు అతను.

"ఏమో."

"వేసినా తియ్యను. ఫోన్ చేస్తాను. నువ్వు వచ్చి తీద్దువు గాని."

"రోజూ పని మానుకుని వస్తానా?"

"అయితే వెయ్యకు."

"వెయ్యకుండా నేను ఎలా..." అని ఆగిపోయింది. తన పళ్ళెం తీసుకుని లేచింది.

సరిగ్గా అప్పుడే గ్రిల్లు అవతల చెప్పుల చప్పుడు ఆగింది.

"గురూ!"

పొద్దున డ్రైవరు చేసిన గొంతులానే ఉంది. కానీ డ్రైవరు గొంతులో ఉన్న హుషారు ఇందులో లేదు. కమ్మీల వెనక గరాటా నిలబడి ఉన్నాడు. చేతులకి సైకిలు గొలుసు నూనె నల్లగా అంటుకుని ఉంది. సీసా లేదు. చంకలో లేదు, జేబులో లేదు. తాళాలాయన కళ్ళు ముందు వెతికింది దాన్నే. లేదని తెలిసి, ఎందుకో, మరింత కంగారుపడ్డాయి.

"నేను మానేశాను. నువ్వు వెళ్ళు," అన్నాడు, నేర్చుకున్న పాఠం.

"తెలుసు గురూ. అందుకే వచ్చాను." గరాటా రెండు చేతులతోనూ కమ్మీలు పట్టుకున్నాడు. "నువ్వు వెళ్ళేచోటికి నన్నూ తీసుకెళ్తావా?"

ఈ మాటకి గ్రూపులో ఎవరూ జవాబు నేర్పలేదు.

"నమ్మకురా!" ముసలావిడ లేచి ముందుకొచ్చేసింది, అట్లకాడ చేత్తో పట్టుకుని. "వాళ్ళ అమ్మమ్మ చచ్చిపోయిందని ఎన్నిసార్లు నిన్ను తీసుకుపోలేదూ! ఆవిడ చచ్చినన్నిసార్లు ఈ లోకంలో ఎవరూ చావలేదు."

"ఈసారి నేనే అమ్మా," అన్నాడు గరాటా. "ఈసారి నేనే చచ్చేలా ఉన్నాను."

"తాగి ఉన్నాడా?" అంది భార్య, మెల్లగా.

"ఇక్కడికి వాసన రావట్లేదు."

"నీ ముక్కు నాకు తెలియదా?"

"తెలియదు," అన్నాడు అతను నిజాయితీగా. "నాకే తెలియదు."

గరాటా గడియ మీద చెయ్యి వేశాడు. "లోపలికి రానా? గుమ్మంలోనే కూర్చుంటాను. తెల్లారేదాకా ఎక్కడన్నా కూర్చోవాలి గురూ. నా ఇంటి పక్కనే మందు దుకాణం."

భార్య సంచిలో చెయ్యి పెట్టింది. తాళం తీసింది. తలపిన్ను ఇంకా అందులోనే ఉంది. అతని పళ్ళెం పక్కన పెట్టింది. ఇనుము తగిలి పళ్ళెం మోగింది.

"వేస్తావో, తీస్తావో," అంది. "నన్నడక్కు."

అతను తాళం అందుకున్నాడు. చల్లగా ఉంది. చల్లగా ఉందని వేళ్ళకి తెలిసింది. ఆ తెలియడం వేళ్ళతో ఆగలేదు. మణికట్టులోకి పాకింది, గీసుకున్న మోచేతి దగ్గర భగ్గుమంది, భుజమెక్కి గుండెలో దిగింది. ఒకటి కాదు, గుప్పెడు సూదులు. పరిగెత్తాలనిపించింది. తాగాలనిపించింది. పొద్దుటి నుంచి లేని ఆశ, ఒక్కసారిగా, నోటినిండా నీళ్ళై ఊరింది.

మేడమ్ అడిగిన ఒక్క మాట అప్పుడు దొరికింది.

"భయంగా ఉంది," అన్నాడు పైకే.

భార్య అతని వైపు తిరిగింది. ఆ ఇంట్లో ఎన్నాళ్ళ తర్వాతో ఒక మాట పళ్ళు దాటి బయటికి వచ్చింది. ఆమె దాన్ని విన్నది.

"నాక్కూడా గురూ," అన్నాడు గరాటా, కమ్మీల అవతల నుంచి.

తాళాలాయన తాళం పట్టుకునే లేచాడు. గ్రిల్లు దగ్గరికి నడిచాడు. వెనక భార్య అడుగుల చప్పుడు కూడా వినిపించింది. తనని ఆపడానికో, తనతో రావడానికో తెలుసుకోవాలని అతను తిరిగి చూడలేదు.

గడియ సగం పైకి లేచి ఆగింది. దాని మీద అటు నుంచి ఒక చెయ్యి, ఇటు నుంచి ఒక చెయ్యి. అతని రెండో చేతిలో తాళం, ఇంకా తెరిచే ఉంది.